డయాలిసిస్‌లో రక్తపోటు పడిపోవడం

డయాలిసిస్‌లో రక్తపోటు పడిపోవడం అనగా మూత్రపిండాలు పనిచేయని రోగికి యంత్రంతో రక్తశుద్ధి జరుగుతున్న సమయంలో రక్తపోటు ఉన్నట్టుండి తగ్గిపోవడం. హీమోడయాలిసిస్‌లో తరచుగా ఎదురయ్యే చిక్కులలో ఇది ముఖ్యమైనది. నిర్వచనాన్ని బట్టి లెక్కలు మారుతున్నప్పటికీ, మొత్తం డయాలిసిస్‌లలో సుమారు 10 నుండి 30 శాతం వరకు ఈ సమస్య కనబడుతుందని వివిధ అధ్యయనాలు తెలుపుతున్నాయి. రోగులు దీనిని "బీపీ డౌన్ అయింది" అని చెప్పుకుంటారు.

ఈ సమస్య తలెత్తినప్పుడు చేసే చికిత్స కొద్ది నిమిషాలలో పూర్తవుతుంది. కానీ సమస్యకు మూలం చాలా సందర్భాలలో అంతకు ముందు రెండు మూడు రోజులలో రోగి శరీరంలో చేరిన ఉప్పు, నీరు, ఆ నీటిని నాలుగు గంటలలో తీసివేయవలసి రావడం. కనుక దీని నివారణ ఆసుపత్రి మంచం మీద కంటే ఇంటి వంటగదిలోనే ఎక్కువగా జరుగుతుంది.

నిర్వచనం

అమెరికాకు చెందిన నేషనల్ కిడ్నీ ఫౌండేషన్ 2005లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం, డయాలిసిస్ సమయంలో పై రక్తపోటు (సిస్టోలిక్) 20 మి.మీ. లేదా అంతకంటే ఎక్కువ తగ్గడం, లేదా సగటు ధమనీ పీడనం 10 మి.మీ. తగ్గడం, దానితోపాటు రోగికి బాధాకరమైన లక్షణాలు కనబడడం ఈ స్థితికి గుర్తు. తరువాతి అధ్యయనాలలో కొందరు పరిశోధకులు లక్షణాలతో సంబంధం లేకుండా, పై రక్తపోటు 90 మి.మీ. కంటే దిగువకు పడిపోవడాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. ఇలా పడిపోయిన రోగులలో మరణాల రేటు ఎక్కువగా ఉన్నట్లు 2015లో ప్రచురితమైన ఒక విశ్లేషణ తెలిపింది.

ఏ బాధా తెలియకుండానే రక్తపోటు పడిపోయే రోగులు కూడా ఉంటారు. అందువలన డయాలిసిస్ జరుగుతున్నంతసేపు నిర్ణీత వ్యవధిలో, సాధారణంగా అరగంటకు ఒకసారి, రక్తపోటు కొలుస్తారు.

డయాలిసిస్ పనిచేసే తీరు

కృత్రిమ మూత్రపిండాన్ని డచ్చి వైద్యుడు విల్లెం కోల్ఫ్ 1943లో నెదర్లాండ్స్‌లోని కాంపెన్ పట్టణంలో తొలిసారిగా రోగులపై ఉపయోగించాడు. 1960లో అమెరికాలోని సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రూపొందించిన గొట్టం వలన ఒకే రోగికి పదే పదే డయాలిసిస్ చేయడం సాధ్యమయింది. నేడు ఎక్కువగా వాడుకలో ఉన్న ఫిస్టులా, అనగా చేతిలోని ధమనిని సిరతో కలిపే శస్త్రచికిత్స, 1966 నుండి ప్రచారంలోకి వచ్చింది.

యంత్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి, రక్తంలోని యూరియా, పొటాషియం వంటి పదార్థాలను సన్నని పొర ద్వారా డయాలిసిస్ ద్రావణంలోకి పంపడం. రెండు, ఒంట్లో అదనంగా చేరిన నీటిని పీడనంతో బయటకు లాగడం. ఈ రెండవ పనిని అల్ట్రాఫిల్ట్రేషన్ అంటారు. రక్తపోటు పడిపోవడానికి ప్రధానంగా ఈ రెండవ పనితోనే సంబంధం ఉంది.

ఆరోగ్యవంతుని మూత్రపిండాలు రోజుకు 24 గంటలు, వారానికి 168 గంటలు పనిచేస్తాయి. వారానికి మూడుసార్లు నాలుగు గంటల చొప్పున డయాలిసిస్ చేయించుకొనే రోగికి లభించేది 12 గంటలు మాత్రమే. భారతదేశంలో ఖర్చు, దూరం వంటి కారణాల వలన వారానికి రెండుసార్లు మాత్రమే చేయించుకొనేవారు చాలామంది ఉన్నారు. వీరికి లభించేది 8 గంటలే.

కారణాలు

నీరు తీసే వేగం, నీరు తిరిగి చేరే వేగం

మధ్యరకం శరీరం గల వ్యక్తి రక్తంలో ప్లాస్మా అనే ద్రవభాగం సుమారు రెండున్నర నుండి మూడు లీటర్లు ఉంటుంది. ఒక డయాలిసిస్‌లో తీసే నీరు కూడా తరచుగా రెండు నుండి నాలుగు లీటర్లు ఉంటుంది. అయినా రక్తం ఎండిపోదు. ఎందుకనగా యంత్రం రక్తం నుండి నీటిని తీస్తూ ఉండగా, కణజాలంలో నిలిచి ఉన్న నీరు సూక్ష్మ రక్తనాళాల గోడల ద్వారా రక్తంలోకి వచ్చి చేరుతూ ఉంటుంది.

దీనిని ఊటబావితో పోల్చవచ్చు. మోటారు తోడే వేగం కంటే ఊట వేగం తక్కువైతే, చుట్టూ నేలలో నీరు ఉన్నా బావి అడుగు కనబడుతుంది. అదే విధంగా కాళ్ళలో వాపు కనబడుతున్న రోగికి కూడా రక్తపోటు పడిపోవచ్చు. ఒంట్లో నీరు ఉన్నది, కానీ అది రక్తనాళాలలోకి చేరడానికి వ్యవధి చాలలేదు. రక్తంలో ఆల్బుమిన్ తక్కువగా ఉన్నవారిలో ఈ ఊట మరింత మందగిస్తుంది.

గుండె, రక్తనాళాలు, నాడులు

రక్త పరిమాణం తగ్గినప్పుడు ఆరోగ్యవంతుని శరీరం గుండె వేగాన్ని పెంచి, రక్తనాళాలను బిగించి పోటును నిలబెడుతుంది. ఈ క్రింది పరిస్థితులలో ఆ సర్దుబాటు సరిగా జరగదు.

* మధుమేహం: దీర్ఘకాల మధుమేహం వలన రక్తనాళాలను బిగించే నాడులు దెబ్బతింటాయి.
* గుండె జబ్బులు: గుండె కండరం దళసరెక్కడం, గుండె పంపు చేసే శక్తి తగ్గడం, కవాటాల వ్యాధులు.
* వయసు: వృద్ధులలో రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి.
* రక్తహీనత: హీమోగ్లోబిన్ బాగా తగ్గినవారిలో అవయవాలకు ఆక్సిజన్ అందడం ముందే తక్కువగా ఉంటుంది.
* రక్తపోటు మందులు: డయాలిసిస్‌కు ముందు వేసుకున్న మాత్రల ప్రభావం సరిగ్గా నీరు తీసే సమయంలో గరిష్ఠంగా ఉండవచ్చు.
* భోజనం: డయాలిసిస్ సమయంలో కడుపునిండా తింటే జీర్ణాశయం, పేగుల వైపు రక్తప్రసరణ పెరిగి పోటు తగ్గుతుంది.
* ద్రావణం వేడి: డయాలిసిస్ ద్రావణం వెచ్చగా ఉంటే శరీర ఉష్ణోగ్రత పెరిగి, చర్మంలోని రక్తనాళాలు విప్పారుతాయి.

పూర్వం డయాలిసిస్ ద్రావణంలో ఎసిటేట్ వాడేవారు. ఇది రక్తనాళాలను వ్యాకోచింపజేసే గుణం గలది. దాని స్థానంలో బైకార్బొనేట్ ద్రావణం వాడుకలోకి వచ్చిన తరువాత ఈ సమస్య కొంత తగ్గింది.

లక్షణాలు

రక్తపోటు పడిపోయే ముందు చాలామంది రోగులకు కొన్ని సూచనలు తెలుస్తాయి. పదే పదే ఆవలింతలు రావడం తొలి గుర్తులలో ఒకటి. ఆ తరువాత ఈ క్రింది లక్షణాలు కనబడవచ్చు.

* కళ్ళు బైర్లు కమ్మడం, తల తేలికైనట్లు అనిపించడం
* చెమటలు పట్టడం, ఒళ్ళు చల్లబడడం
* కడుపులో వికారం, వాంతి
* పిక్కలు, పాదాలు పట్టుకోవడం
* కడుపునొప్పి, ఛాతీలో నొప్పి
* అయోమయం, మాట తడబడడం, సొమ్మసిల్లడం

పాత రోగులు తమ శరీరం ఇచ్చే తొలి గుర్తును బాగా ఎరిగి ఉంటారు. ఆ గుర్తు కనబడిన వెంటనే సిస్టరుకు గాని టెక్నీషియనుకు గాని చెప్పడం అత్యంత ముఖ్యం. "ఇంకొక అరగంటే కదా" అని ఓర్చుకోవడం వలన స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

తక్షణ చికిత్స

డయాలిసిస్ కేంద్రాలలో సాధారణంగా అనుసరించే పద్ధతి ఇది.

# నీరు తీయడాన్ని వెంటనే ఆపుతారు. రక్తశుద్ధిని మాత్రం వీలైనంతవరకు కొనసాగిస్తారు.
# రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుగా ఉంచుతారు. వాంతి అవుతుంటే పక్కకు తిప్పుతారు.
# 100 నుండి 250 మిల్లీలీటర్ల సెలైన్‌ను యంత్రపు గొట్టం ద్వారా రక్తంలోకి పంపి మరల రక్తపోటు కొలుస్తారు.
# రక్తంలో ఆక్సిజన్ తగ్గి ఉంటే ఆక్సిజన్ పెడతారు.
# మధుమేహ రోగులలో రక్తంలోని చక్కెర చూస్తారు. చక్కెర పడిపోయినప్పుడు కూడా చెమటలు, అయోమయం ఇదే విధంగా ఉంటాయి.
# రక్తపోటు నిలకడగా ఉన్న తరువాత, తీయవలసిన నీటి లెక్కను తగ్గించి నెమ్మదిగా తిరిగి మొదలుపెడతారు. పోటు కోలుకోకపోతే డయాలిసిస్‌ను ఆపి వైద్యుడిని పిలుస్తారు.

ఇతర కారణాలను గుర్తించడం

పోటు పడిపోయిన ప్రతిసారీ నీరు ఎక్కువ తీయడమే కారణమని అనుకోరాదు. డయాలిసిస్ మొదలైన కొద్ది నిమిషాలకే పోటు పడిపోయినా, సెలైన్‌కు లొంగకపోయినా, జ్వరం, చలి, ఛాతీనొప్పి, ఆయాసం తోడైనా వేరే కారణాల కోసం వెదకవలసి ఉంటుంది. రక్తంలో సూక్ష్మజీవుల వలన కలిగే సెప్సిస్, గుండెపోటు, గుండె లయ తప్పడం, గుండె చుట్టూ నీరు చేరడం, రక్తస్రావం, డయాలిసిస్ పొర పడకపోవడం, గొట్టాలలో గాలి చేరడం వీటిలో ముఖ్యమైనవి. మెడలోని సిరలో క్యాథెటర్ ఉన్న రోగికి చలితో కూడిన జ్వరం వచ్చి పోటు పడిపోతే క్యాథెటర్ ఇన్ఫెక్షన్‌ను ముందుగా అనుమానించాలి.

దీర్ఘకాలిక నష్టాలు

పోటు పడిపోవడం, సెలైన్‌తో లేవడం మామూలేనని చాలామంది రోగులు భావిస్తారు. ఇది సరికాదు. పోటు పడిపోయిన ప్రతిసారీ అవయవాలకు రక్తం కొంతసేపు చాలినంతగా అందదు.

* గుండె: డయాలిసిస్ సమయంలో గుండె కండరంలోని కొన్ని భాగాలు తాత్కాలికంగా స్తంభించిపోతాయని ఎకో పరీక్షల ద్వారా గుర్తించారు. ఇది పదే పదే జరిగితే గుండె శాశ్వతంగా బలహీనపడుతుంది.
* మెదడు: రక్తప్రసరణ తగ్గడం వలన కాలక్రమంలో జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గవచ్చు.
* పేగులు: అరుదుగా పేగులకు రక్తం అందక ప్రాణాపాయం కలుగవచ్చు.
* ఫిస్టులా: రక్తప్రవాహం మందగించి ఫిస్టులా గడ్డకట్టవచ్చు. కొత్త ఫిస్టులా వేయించుకొనే వరకు క్యాథెటర్‌పై ఆధారపడవలసి వస్తుంది.
* మిగిలిన మూత్రం: కొందరిలో మూత్రపిండాలు ఇంకా కొద్దిగా పనిచేస్తూ మూత్రం వస్తూ ఉంటుంది. పోటు పడిపోవడం వలన ఈ మిగిలిన శక్తి కూడా త్వరగా నశిస్తుంది.

వీటికి తోడు మరొక నష్టం ఉంది. పోటు పడిపోయినందువలన డయాలిసిస్‌ను మధ్యలో ఆపితే నీరు పూర్తిగా పోదు. మిగిలిన నీటికి తరువాతి రోజుల నీరు తోడవుతుంది. తరువాతిసారి మరింత నీటిని మరింత వేగంగా తీయవలసి వస్తుంది, పోటు మరల పడిపోతుంది. బాధకు భయపడి రోగి గంట ముందే దిగిపోవడం, ఒక వారం మానివేయడం మొదలవుతుంది. అప్పుడు ఊపిరితిత్తులలో నీరు చేరి, రక్తంలో పొటాషియం పెరిగి ప్రాణానికే ముప్పు కలుగుతుంది.

నివారణ

పొడి బరువు

ఒంట్లో అదనపు నీరు లేకుండా, డయాలిసిస్ ముగిసిన తరువాత రోగి ఉండవలసిన బరువును పొడి బరువు లేదా డ్రై వెయిట్ అంటారు. దీనిని అవసరానికంటే తక్కువగా నిర్ణయిస్తే పోటు పడిపోతుంది. ఎక్కువగా నిర్ణయిస్తే వాపు, ఆయాసం, అధిక రక్తపోటు కలుగుతాయి.

పొడి బరువు ఎల్లకాలం ఒకటిగా ఉండదు. ఆకలి పెరిగి రోగి కండపడితే పొడి బరువు పెరుగుతుంది. అప్పుడు పాత అంకె వరకు నీరు తీస్తే, లేని నీటిని తీసినట్లవుతుంది. జబ్బుపడి తిండి తగ్గినప్పుడు దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది. కనుక వైద్యులు దీనిని తరచుగా సవరిస్తూ ఉంటారు. వాపు, రక్తపోటు, ఊపిరితిత్తుల పరిశీలనతోపాటు కొన్ని చోట్ల ఊపిరితిత్తుల అల్ట్రాసౌండ్, శరీరంలో నీటి శాతాన్ని కొలిచే పరికరాలు కూడా ఉపయోగిస్తున్నారు.

నీరు తీసే వేగం

రోగి బరువులో కిలోకు, గంటకు ఎన్ని మిల్లీలీటర్ల నీరు తీస్తున్నారన్నది ఈ వేగానికి కొలమానం. గంటకు కిలోకు 13 మిల్లీలీటర్లు మించినవారిలో మరణాలు ఎక్కువగా ఉన్నట్లు 2011లో వెలువడిన ఒక విశ్లేషణలో తేలింది. ఈ అంకెకు లోపల ఉంటే ప్రమాదం లేదని కాదు. వేగం ఎంత తగ్గితే అంత మంచిదని మాత్రం గ్రహించవచ్చు.

55 కిలోల పొడి బరువు గల రోగి లెక్క ఇలా ఉంటుంది.

* 2 లీటర్లు, 4 గంటలు: కిలోకు గంటకు సుమారు 9 మి.లీ.
* 3 లీటర్లు, 4 గంటలు: సుమారు 13.6 మి.లీ.
* 4 లీటర్లు, 4 గంటలు: సుమారు 18 మి.లీ.
* 4 లీటర్లు, 5 గంటలు: సుమారు 14.5 మి.లీ.

పై లెక్కను బట్టి వేగాన్ని తగ్గించడానికి రెండే దారులని తెలుస్తుంది. తీయవలసిన నీరు తగ్గాలి, లేదా సమయం పెరగాలి. నీరు బాగా ఎక్కువగా చేరినప్పుడు ఒకేసారి అంతా తీయకుండా, సమయం పెంచడమో మరునాడు అదనంగా ఒక డయాలిసిస్ చేయడమో వైద్యులు సూచిస్తారు.

ఉప్పు, దాహం

నీరు తక్కువగా తాగమని మాత్రమే రోగికి చెప్పడం వలన ప్రయోజనం స్వల్పం. దాహాన్ని పుట్టించేది ఉప్పు. ఒంట్లో చేరిన ప్రతి 8 గ్రాముల ఉప్పుకు సుమారు ఒక లీటరు నీరు కావలసి ఉంటుంది. మూత్రం రాని రోగి రోజుకు 12 గ్రాముల ఉప్పు తింటే, రెండు రోజులకు 24 గ్రాములు, అనగా సుమారు 3 లీటర్ల నీరు. అదే రోజుకు 5 గ్రాములకు పరిమితమైతే రెండు రోజులకు సుమారు లీటరుంబావు. 5 గ్రాములంటే ఒక చిన్న చెంచాడు. ఇందులో కూరలో వేసిన ఉప్పుతోపాటు పచ్చళ్ళు, అప్పడాలు, బయట కొన్న తినుబండారాలలోని ఉప్పు కూడా కలిసి ఉంటుంది.

మూత్రం రాని రోగులకు సాధారణంగా రోజుకు అర లీటరు నుండి ముప్పావు లీటరు వరకు ద్రవాలు అనుమతిస్తారు. మూత్రం వచ్చేవారికి ఆ పరిమాణాన్ని దీనికి కలుపుతారు. కాఫీ, టీ, మజ్జిగ, చారు, గంజి, ఐసుముక్కలు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. రెండు డయాలిసిస్‌ల మధ్య పెరిగే బరువు పొడి బరువులో 4 శాతం మించకుండా చూసుకోవడం మేలు. 55 కిలోల రోగికి ఇది సుమారు 2.2 కిలోలు.

మార్కెట్‌లో దొరికే తక్కువ సోడియం ఉప్పులలో సోడియం బదులు పొటాషియం ఉంటుంది. మూత్రపిండ రోగులకు ఇది ప్రమాదకరం. దీనిని వాడరాదు.

ద్రావణం ఉష్ణోగ్రత, సోడియం

ద్రావణాన్ని కొద్దిగా చల్లగా, 35 నుండి 36 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచితే రక్తనాళాలు ముడుచుకొని పోటు నిలబడడానికి తోడ్పడుతుంది. తరచుగా పోటు పడిపోయే రోగులకు దీనిని చాలాకాలంగా వాడుతున్నారు. అయితే కెనడాలోని ఒంటారియోలో 84 కేంద్రాలలో 15 వేలకు పైగా రోగులపై జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, అందరికీ చల్లని ద్రావణం వాడడం వలన గుండె జబ్బుల మరణాలు గాని ఆసుపత్రి చేరికలు గాని తగ్గలేదు. రోగులకు చలి బాధ మాత్రం పెరిగింది. కనుక ఇది అందరికీ వర్తించే విధానం కాదు, అవసరమైన రోగికి వైద్యుడు ఎంచుకొనే పద్ధతి.

ద్రావణంలో సోడియం పెంచితే పోటు అప్పటికి నిలబడుతుంది. కానీ ఆ సోడియం ఒంట్లోకి చేరి ఇంటికి వెళ్ళాక దాహం పెరుగుతుంది. తరువాతిసారి బరువు ఎక్కువై సమస్య మొదటికి వస్తుంది.

మందులు, భోజనం

డయాలిసిస్ రోజున రక్తపోటు మాత్రలు ఎప్పుడు వేసుకోవాలో వైద్యుడిని అడిగి తెలుసుకోవాలి. కొందరికి డయాలిసిస్ ముగిసిన తరువాత వేసుకోమని చెబుతారు, మరికొందరికి మానకూడని మందులు ఉంటాయి. సొంతంగా మానివేయడం ప్రమాదకరం. ఇతర పద్ధతులు ఫలించనప్పుడు మిడోడ్రిన్ అనే మాత్రను డయాలిసిస్‌కు సుమారు 15 నుండి 30 నిమిషాల ముందు ఇస్తారు. ఇది రక్తనాళాలను బిగించే మందు. వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలి.

పోటు పడిపోయే అలవాటున్న రోగులు డయాలిసిస్ జరుగుతుండగా భోజనం చేయకపోవడం మంచిది. అయితే ఆకలితో, ముఖ్యంగా మధుమేహం ఉన్నవారు, ఖాళీ కడుపుతో రాకూడదు. రెండు గంటల ముందే తేలికగా తిని రావాలి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పోటు నిలబడని వారికి, కడుపులోని పొర ద్వారా ఇంటివద్దనే చేసుకొనే పెరిటోనియల్ డయాలిసిస్ ఒక మార్గం. ఇందులో నీరు రోజంతా నెమ్మదిగా పోతుంది.

అవుకు, నంద్యాల ప్రాంతంలో

అవుకు నంద్యాల జిల్లాలోని మండల కేంద్రం. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడే వరకు ఇది కర్నూలు జిల్లాలో ఉండేది. ఇక్కడి జలాశయం వలన ఈ ఊరు ప్రసిద్ధి. ఈ ప్రాంతపు గ్రామాల రోగులు ప్రత్యేక వైద్యానికి నంద్యాల, కర్నూలు వంటి పట్టణాలకు ప్రయాణం చేస్తారు. కర్నూలు వైద్య కళాశాల 1957లో ప్రారంభమయింది. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో తరగతులు ప్రారంభించింది.

ప్రయాణానికి ఈ సమస్యతో నేరుగా సంబంధం ఉంది. బస్సు తప్పిపోవడం వలన, కూలి పోతుందన్న ఆలోచన వలన ఒక డయాలిసిస్ తప్పితే, తరువాతిసారి తీయవలసిన నీరు పెరుగుతుంది. డయాలిసిస్ ముగిసిన వెంటనే బస్సు కోసం ఎండలో నిలబడితే, అప్పటికే తక్కువగా ఉన్న పోటు మరింత పడిపోయి రోగి కూలిపోవచ్చు. కొద్దిసేపు కూర్చొని, నిలబడినప్పుడు కూడా పోటు చూపించుకొని, తోడుగా ఒకరితో బయలుదేరడం మంచిది.

రాయలసీమలో వేసవి ఉష్ణోగ్రతలు 40 డిగ్రీలు దాటుతాయి. ఈ కాలంలో చెమట వలన నీరు కొంత పోతుంది, రక్తపోటు కూడా చలికాలం కంటే తక్కువగా ఉంటుంది. అందువలన వేసవి మొదలైనప్పుడు పొడి బరువును, రక్తపోటు మందులను వైద్యుడు మరల చూడవలసిన అవసరం కలుగుతుంది.

ఈ ప్రాంతపు ఆహారంలో గమనించవలసినవి కొన్ని ఉన్నాయి.

* ఉగ్గాని, బజ్జీ: బొరుగుల తయారీలోనే ఉప్పు కలుస్తుంది. పైన వేసే ఉప్పు దానికి అదనం.
* రాగి సంగటి: ముద్దగా కనిపించినా ఇందులో నీరు ఎక్కువ. సంగటితో పులుసు కూడా కలిస్తే ద్రవాల లెక్క పెరుగుతుంది.
* జొన్న రొట్టె: ఇందులో నీరు తక్కువ. పక్కన నంజుకొనే కారం, ఊరగాయలలో ఉప్పు ఎక్కువ.
* కొబ్బరినీళ్ళు: పొటాషియం ఎక్కువ. ఎండ దెబ్బకు మంచిదని డయాలిసిస్ రోగికి ఇస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

డయాలిసిస్‌లో పోటు పడిపోయి ఇంటికి వచ్చిన రోగికి నీరసం తగ్గాలని ఉప్పు వేసిన మజ్జిగ, ఉప్పు నిమ్మరసం, ఓ.ఆర్.ఎస్. ఇవ్వడం ఇళ్ళలో సహజంగా జరుగుతుంది. మామూలు మనిషికి మేలు చేసే ఈ ఉపాయం మూత్రం రాని రోగికి కీడు చేస్తుంది. ఆ ఉప్పు పోయే దారి లేదు. అది దాహాన్ని, దాహం నీటిని తెస్తుంది. తరువాతి డయాలిసిస్‌లో పోటు మరల పడిపోవడానికి అక్కడే బీజం పడుతుంది. నీరసం ఉంటే పడుకొని విశ్రాంతి తీసుకోవడం, కళ్ళు తిరగడం తగ్గకపోతే డయాలిసిస్ కేంద్రానికి ఫోను చేయడం సరైన పని.

ఆంధ్రప్రదేశ్‌లో డయాలిసిస్ సదుపాయాలు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పేదలకు డయాలిసిస్‌ను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. ఇది ప్రస్తుతం ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి.ఆర్. వైద్యసేవ పేరుతో కొనసాగుతున్నది. 2016లో కేంద్ర ప్రభుత్వం ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించింది. జిల్లా ఆసుపత్రులలో డయాలిసిస్ కేంద్రాలు ఏర్పరచి, పేదలకు ఉచితంగా సేవలందించడం దీని ఉద్దేశం. 2019లో పెరిటోనియల్ డయాలిసిస్‌కు కూడా ఈ కార్యక్రమం కింద మార్గదర్శకాలు వెలువడ్డాయి.

రాష్ట్రంలో మూత్రపిండ వ్యాధికి పేరుపడిన ప్రాంతం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం. కొబ్బరి, జీడి తోటలు గల కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో, మధుమేహం గాని అధిక రక్తపోటు గాని లేనివారిలో కూడా ఈ వ్యాధి కనబడుతున్నది. దీనికి కారణం ఇంకా నిర్ధారణ కాలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి.

ఉచిత డయాలిసిస్ వలన ఖర్చు భారం తగ్గింది. అయినా రోగి మంచం మీద ఎంతసేపు ఉన్నాడు, ఎంత వేగంతో నీరు తీశారు, ఇంట్లో ఎంత ఉప్పు తిన్నాడు అన్న మూడు విషయాలే ఆ డయాలిసిస్ సుఖంగా సాగుతుందా లేదా అన్నది చాలావరకు నిర్ణయిస్తాయి.

రోగులు గుర్తుంచుకోవలసినవి

* ప్రతిరోజు ఉదయం ఒకే తూకం యంత్రంపై బరువు చూసి రాసుకోవాలి.
* తమ పొడి బరువు ఎంతో తెలుసుకొని ఉండాలి. తిండి పెరిగినా తగ్గినా వైద్యునికి చెప్పాలి.
* నిర్ణయించిన సమయం పూర్తయ్యే వరకు డయాలిసిస్ చేయించుకోవాలి.
* గత డయాలిసిస్‌లో పోటు పడిపోయి ఉంటే, మరల మొదలుపెట్టే ముందే ఆ విషయం తెలపాలి.
* విరేచనాలు, వాంతులు, జ్వరం ఉన్నప్పుడు ముందుగా చెప్పాలి. అప్పుడు మామూలుగా తీసినంత నీరు తీయరాదు.
* ఇంటికి వెళ్ళిన తరువాత ఫిస్టులాలో రక్తం పారే అదురు చేతికి తెలుస్తున్నదా అని చూసుకోవాలి. అదురు తెలియకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.
* ఛాతీనొప్పి, తీవ్రమైన కడుపునొప్పి, మాట తడబడడం, స్పృహ తప్పడం అత్యవసర లక్షణాలు. ఇటువంటప్పుడు 108కి ఫోను చేయాలి.

ఇవి కూడా చూడండి

* మూత్రపిండము
* రక్తపోటు
* డయాలిసిస్
* మధుమేహం
* ఉద్దానం
* అవుకు